మొదటి బండి బత్తి

కండ్లకోయ సర్వీసు రోడ్డు మీద మావి పదకొండు బండ్లు. సుచిత్ర దిక్కు నుంచి వస్తుంటే మొట్టమొదట కనవడేది నా దోసెల బండి. మొదటి జాగ కాబట్టి గిరాకీ మంచిగుంటదని అందరనుకుంటరు. ఉంటది, కాదన. కని ఆ జాగతోటి ఒక డ్యూటీ కూడ వస్తది. పోలీసు బండి వచ్చేది చూసి మిగిలిన పదిమందికి ఎరుక చేసుడు నా డ్యూటీ.

రూలేందంటే రాత్రి పదకొండింటికి అన్నీ బంద్ కావాలె. మంచిదే. కని మేడ్చల్ దిక్కు కంపెనీలల్ల రెండో షిఫ్టు ఇడిసేదే పదకొండు దాటినంక. ఐటీ పార్కుల పిల్లలు బయటికొచ్చేది పన్నెండింటికి. శామీర్‌పేట ఫంక్షన్‌హాళ్లల్ల వడ్డించేటోళ్లు, పెండ్లోళ్లందరు తిని చేతులు కడుక్కున్నంక, ఖాళీ కడుపుతోటి వచ్చేది ఒంటిగంటకు. కంపెనీలు రాత్రంత నడవొచ్చు, అండ్ల పనిచేసేటోళ్లు మాత్రం తినొద్దు. గీ రూలు రాసినాయన జల్దీ తిని జల్దీ పండుకునే మనిషి అయ్యుంటడు. ఆయనకు పగటి పూట ఆకలే ఎరుక.

అందుకే మేమొక పద్ధతి పెట్టుకున్నం. సుచిత్ర దిక్కు రోడ్డు కొంచెం ఎత్తెక్కి మా దిక్కు దిగుతది. ఆ ఎత్తు మీద ఎర్రది, నీలంది లైటు మెరిస్తే చాలు, నేను నా బ్యాటరీ బల్బు బంద్ చేస్త. నాది ఆరంగనే నా ఎనుక ఆమ్లెట్లాయన తనది ఆర్పుతడు, ఆయనది చూసి ఆ ఎనుకామె. గట్ల పదకొండో బండి దాంక. పొయ్యి సన్నగ చేసి మీద గిన్నె పెట్టేస్తం. గిరాకోళ్లకు కూడ అలవాటే, ప్లేటు చేతిల పట్టుకోని చీకట్లనే నములుకుంట నిలవడ్తరు. పోలీసు బండి మా ముంగటి నుంచి మెల్లగ పోతది. అది కనవడకుంట పోయినంక నేను బత్తి ఏస్త, నాది చూసి అందరేస్తరు. నా బత్తి ఎలగనిది ఎవ్వలు తమది ఏయొద్దు.

ఈ కడపటి మాటకు మేం శానా గట్టిగుంటం. ఎందుకంటే ఒకసారి ఫ్రైడ్ రైసాయన ఆగలేక ముందే ఏసిండు. పోయిన పోలీసు బండి ఎనుకకొచ్చింది. ఆయన పొయ్యి, నా సిలిండరు రెండూ ఎక్కించుకపోయిండ్రు. ఆ సిలిండరు కోసం మూడొద్దులు స్టేషన్ ముంగట కూసున్న. వచ్చినోళ్లు పోయినోళ్లు అందరు నన్ను దొంగను చూసినట్టు చూసిండ్రు. ఆ మూడొద్దుల సంది నా కండ్లు ఆ ఎత్తు మీదనే ఉంటయి.

పోలీసోళ్లకు తెల్వదా? తెలుసు. సాయంత్రం డ్యూటీల ఉండే కానిస్టేబుల్ నా దగ్గర్నే ఉతప్పం తిని, అక్కా గీ రాత్రి కొత్త సారు తిరుగుతడు జర జాగ్రత్త అని చెప్పి పోతడు. వాళ్ల నౌకరి వాళ్లు చెయ్యాలె, మా కడుపు మేం నింపుకోవాలె. తొమ్మిదేండ్లు గిట్లనే నడిచింది. రాత్రికి రెండు మూడుసార్లు స్విచ్చు మీదికి పోయి పోయి, ఆ చెయ్యి నాదే గని నన్ను అడుగుడు ఎప్పుడో మానేసింది.

మా లైన్ల ఐదో బండి చాచాది. చాయ్, బన్ను, ఉస్మానియా బిస్కెట్లు. శామీర్‌పేట అవతల ఒక ఊర్ల ఎవుసం చేసిన ఇల్లు వాళ్లది, ఇప్పుడు చాచీ ఆయనా కుత్బుల్లాపూర్ల ఉంటరు. నేను బండి పెట్టిన కొత్తల తాగినోళ్లు ఇద్దరు నా కొంగు దాంక వస్తే, చాచా మరుగుతున్న చాయ్ గిన్నె పట్టుకోని వచ్చి నా పక్కన నిలవడ్డడు. వాళ్లు ఆ గిన్నెను చూసి జరిగిపోయిండ్రు. ఆ పొద్దు నుంచి ఆయన నాకు చాచా, నేను ఆయనకు బేటీ.

పోయిన సలికాలంల ఒక ఆదివారం రాత్రి. కంపెనీలకు సెలవు, క్యాబులు లెవ్వు, గిరాకీ పల్చగున్నది. పన్నెండు కావస్తున్నది. సలికి అందరం మఫ్లర్లు కట్టుకోని పొయ్యిల దగ్గరికి జరిగినం. చాచా దగ్గర చాయ్‌కి పోయిన ఆమ్లెట్లాయన ఉరికొచ్చిండు. చాచా ఎట్లనో చేస్తున్నడు అన్నడు. నేను పోయి చూస్తే ఆయన బెంచీ మీద కూసోని ఎడమ చెయ్యి పిసుక్కుంటున్నడు. గంత సలిల అంగి తడిసి ఒంటికి అంటుకున్నది. మా నాయిన పోయిన పొద్దు కూడ గిదే చెమట.

హాస్టల్ పిలగాళ్లిద్దరు బైక్ మీద తిననీకి వచ్చిండ్రు, వాళ్లల్ల ఒకడు అంబులెన్సుకు ఫోన్ కలిపిండు. ఆటోల ఏసుకపోదమని ఫ్రైడ్ రైసాయన అన్నడు. ఫోన్ల మాట్లాడినామె వద్దన్నది. మనిషిని కదిలియ్యకుండ్రి, బండి కొంపల్లి దగ్గర్నే ఉన్నది, నిమిషాల మీద వస్తదన్నది. గుర్తు చెప్పుమంటే ఆ పిలగాడు చెప్పిండు, సర్వీసు రోడ్డు మీద బండ్ల లైట్లు వరుసగ కనవడ్తయి, గదే గుర్తు అని. తప్పేం చెప్పలే. ఆ రోడ్డు మీద మా లైట్లు తప్ప ఇంకేం లెవ్వు. కరెంటు స్తంభాలున్నయి, వాటికి బల్బులు లెవ్వు.

చాచాను బెంచీ మీద పండవెట్టినం. ఆమ్లెట్లాయన తల పట్టుకున్నడు. ఫ్రైడ్ రైసాయన నన్ను చూసి, అక్కా నువ్వు మొదట్ల ఉంటవు, నువ్వు పోయి చూడు, అంబులెన్సు కనవడంగనే చెయ్యి ఊపు అన్నడు. నేను ఉరికి నా బండి కాడికి వచ్చిన. ఎత్తు దిక్కే చూస్తున్న. జల్దీ రా, జల్దీ రా అనుకుంట నిలవడ్డ. ఒక లారీ పోయింది. ఒక కారు పోయింది. నా కండ్లు ఆ ఎత్తు మీద నుంచి జరగలే.

ఎర్రది, నీలంది లైటు మెరిసింది. సైరన్ లేదు. రోడ్డు ఖాళీగున్నదని ఆ డ్రైవరు సైరన్ ఏసుకోలే.

నా చెయ్యి పోయి బత్తి ఆర్పింది.

అది అంబులెన్సు అని నాకు తెలుసు. దాని కోసమే నిలవడ్డ. కండ్లు అంబులెన్సు కోసం చూస్తుంటే చెయ్యి పోలీసు బండిని చూసింది. నా బత్తి ఆరంగనే ఎనుక ఆమ్లెట్ల బండి మీది బత్తి ఆయన పెండ్లాం ఆర్పింది, ఆమెను చూసి మూడోది, నాలుగోది, చాచాది ఆయన పక్కనున్నోళ్లే, అట్ల పదకొండూ. అక్కడ మనిషి పానం పోతున్నది, అయినా మా పద్ధతి ఒక్క బల్బు తప్పలే.

చీకట్ల ఆ తెల్ల బండి నా ముంగటి నుంచి జర్రున పోయింది. దాని మీద ఎర్ర ప్లస్సు కనవడ్డంక గని నాకు సోయి రాలే. ఆగు ఆగు అని ఒర్రుకుంట ఎనుక ఉరికిన. చెప్పు ఊడిపోయింది. వాళ్లకేం వినవడ్తది? మేడ్చల్ దిక్కు పోయిండ్రు. ఆడ డివైడరు శానా దూరం, మల్లి రావాలంటే ఎక్కడనో పోయి తిరగాలె. ఇంకో దిమాక్ లేని పని కూడ చేసిన. నా బత్తి ఏయకుంటనే ఉరికిన. నాది ఎలగలే కాబట్టి ఎవ్వలు ఏయలే. పోలీసు బండి ఎక్కడనో ఆగి చూస్తున్నది కావచ్చని అందరు అట్లనే చప్పుడు చేయకుంట నిలవడ్డరు. చాచా ఆ చీకట్లనే పండుకోనున్నడు.

హాస్టల్ పిలగాడు బైక్ ఏసుకోని అంబులెన్సు ఎనుక పోయిండు. నేను తిరిగొచ్చి బత్తి ఏసిన. చాచా పొయ్యి మీద పాలు పొంగి, ఇంకి, గిన్నె మాడి వాసనొస్తున్నది. బంద్ చేయాలని ఎవ్వలకు తోయలే. బండి మల్లి వచ్చేసరికి ఆయన పెదవులు నల్లవడ్డయి. ఎక్కించేటప్పుడు ఆయన చెయ్యి ముట్టుకున్న, ఐసు తీరుగున్నది. ఆయన పోతే చంపింది నేనే అని నాకు నేను చెప్పుకున్న. ఆ మాట ఆ రాత్రంత నా లోపల్నే తిరిగింది.

చాచా బతికిండు. గుండెల స్టెంటు ఏసిండ్రు. ఇంకింత లేటయితే అయిపోయేదని డాక్టరు అన్నడట. ఆ ఇంకింత అన్న మాట చాచీ నాకు చెప్తుంటే నేను కిటికీ దిక్కు చూసిన.

మా లైన్ల ఆ సంగతి ఎవ్వలు తియ్యలే. అందరు ఆర్పినోళ్లే కద, ఎవ్వలను ఎవ్వలు అంటరు? అంబులెన్సోళ్లు జాగ గుర్తుపట్టలేక ముంగటికి పోయిండ్రట అన్న మాట ఎట్లనో పుట్టింది. ఎవ్వలు పుట్టిచ్చిండ్రో తెల్వదు. నేను కాదనలే. అదే నా తప్పు, బత్తి ఆర్పినదానికంటె పెద్ద తప్పు.

చాచా దవాఖాన నుంచి ఇంటికొచ్చినంక చూడపోయిన. ఇడ్లీలు మెత్తగ చేసి పట్టుకపోయిన. మనిషి సగమైండు. గోడకు ఒరిగి కూసోని ఆ రాత్రి సంగతి చెప్పుకొచ్చిండు. తను సచ్చి వచ్చిండట. మౌత్ అంటే సావు, అది వచ్చేది తన కండ్లతోటి చూసిండట. బెంచీ మీద పండుకోని చూస్తుంటే ఆ కొస నుంచి బత్తీలు ఒక్కొక్కటే ఆరుకుంట తన దిక్కే వచ్చినయట. ఒకటి, రెండు, మూడు. తన నెత్తి మీద బత్తి ఆరంగనే, ఇగ పోయిన అనుకున్నడట. పక్కన కూసున్న చుట్టాలు అల్లా పేరు తల్సుకున్నరు. నేను చాయ్ గిలాస చేతిల పట్టుకోని కూసున్న, తాగలే, కింద పెట్టలే.

చాచీ నన్ను వంటింట్లకు తీసుకపోయి చెప్పింది. రాత్రి బత్తి బంద్ చేస్తే ఊకోడట. కరెంటు పోతే ఆమె చెయ్యి గట్టిగ పట్టుకోని చిన్న పిలగాని తీరుగ ఏడుస్తడట. డాక్టరు మెల్లగ పని చేసుకోవచ్చన్నడు. కని చాచా బండి పెట్టనన్నడట, ఆ చీకటి మల్లి వస్తదని భయమట. ఇరవై ఏండ్లు రాత్రులనే నమ్ముకోని బతికిన మనిషి, ఇప్పుడు పొద్దు గూకంగనే తలుపేసుకుంటున్నడు. అప్పుడన్న చెప్పొచ్చు కద నేను? చెప్పుదమని నోరు తెరిచిన. చాచీ నా చేతులు పట్టుకోని, నువ్వు ఉరికినవు కాబట్టే నా మనిషి దక్కిండు బేటీ అన్నది. ఖాళీ గిన్నె తీసుకోని బయటవడ్డ. ఇంటికి పోయి మా ఆయన మీద ఉత్త పుణ్యానికి లొల్లి పెట్టుకున్న.

ఆరు నెలలు గట్లనే గడిచినయి. నెలకు రెండుసార్లు పోయి ఆ కథ విన్న. ప్రతిసారి బత్తీలు ఆయన దిక్కే వస్తయి, ప్రతిసారి నేను తల ఊపుత. నేనెంత మొండిదాన్నో, ఎంత నోరున్నదాన్నో మా లైనంత చెప్పుకుంటది. గీ ఒక్క మాట కాడ నాకు నోరు లేదు.

గీ ఎండాకాలంల మున్సిపల్ ఆఫీసోళ్లు మీటింగ్ పెట్టిండ్రు. రాత్రి అంగళ్లు ఎంతసేపు తెరవనియ్యాలె, ఎట్ల నడిపించాలె అని అందరి మాట అడుగుతరట. మేడ్చల్ నుంచి, సుచిత్ర నుంచి, శామీర్‌పేట ధాబాల నుంచి పిలిచిండ్రు. కాలనీ పెద్దలు కూడ వచ్చిండ్రు. మా లైనోళ్లందరు ఆలోచించి చాచాను తీసుకపోదమన్నరు. అంబులెన్సు లేటయి సావు దాంక పోయొచ్చిన మనిషి చెప్తే ఇంటరు, కనీసం ఆ రోడ్డుకు లైట్లన్న ఏస్తరు అన్నరు. పగటి పూట కాబట్టి చాచా సరే అన్నడు. బస్సుల నా పక్కనే కూసున్నడు.

మేడమ్ ఒకామె, నా బిడ్డంత వయసుంటది, ముంగట కూసోని అన్నీ రాసుకుంటున్నది. కాలనీ పెద్దాయన లేచి, రాత్రంత హారన్లు, తాగినోళ్ల లొల్లి, గేటు ముంగట మూత్రాలు, మా పిల్లలు పండుకోవద్దా అని గట్టిగనే అడిగిండు. నాకు కోపమొచ్చింది గని ఆయన చెప్పింది అబద్ధం కాదు. బాత్రూం లేని కాడ మనుషులు ఏం చేస్తరు? ధాబా ఆయన పార్కింగ్ జాగ అడిగిండు. కంపెనీల పనిచేసే ఆడివిల్ల ఒకామె, అర్ధరాత్రి బస్సు లేదు, బండ్ల లైట్లు చూసుకుంట రూముకు నడిచిపోత, పోలీసులొస్తే ఆ లైట్లు కూడ ఉండయి అన్నది. మేడమ్ తల ఎత్తి, ఎందుకుండయి అని అడిగింది. మేమంత కింద చూసినం.

తర్వాత చాచాను లేపిండ్రు. ఆయన మెల్లగ, ఆగుకుంట, ఆ రాత్రి సంగతి చెప్పిండు. చెమట, బెంచీ, ముంగటికి పోయిన అంబులెన్సు. ఆడికి అయిపోతే మంచిగుండు. బత్తీలు ఒక్కొక్కటే ఆరుకుంట తన దిక్కు వచ్చినయని కూడ చెప్పిండు. మేడమ్ పెన్ను పట్టుకోని, అంబులెన్సు ఏ రోజు, ఎన్ని గంటలకు, డ్రైవరు ఎవరు, కనుక్కోని చర్య తీసుకుంటం అన్నది.

ఆ డ్రైవరు ముఖం నేను చూసిన. చాచాను ఎక్కించేటప్పుడు, ఒక్క లైటు కనవడలేదమ్మా, కనవడ్తే ఆగనా అని నాతోనే అన్నడు. ఆయన నౌకరి పోతది. ఇటు చాచా రాత్రి రాత్రికి సస్తనే ఉంటడు. నేను లేస్తె, మేం రూలు తప్పుతున్నమని మా లైనంత ఆఫీసర్ల ముంగట బయటవడ్తది. ఆమ్లెట్లాయన నా కొంగు పట్టి కిందికి గుంజిండు. నేను ఏం అనవోతున్ననో ఆయనకు తెలిసింది. కొంగు ఇడిపించుకోని లేచిన.

"డ్రైవరుది తప్పు లేదు మేడమ్. పోలీసు బండి అనుకోని నేను బత్తి ఆర్పిన. నాది చూసి అందరార్పిండ్రు."

హాల్ల గుసగుసలు మొదలైనయి. నేను ఆఫీసర్ల దిక్కు చూడలే. చాచా దిక్కు తిరిగిన. ఆయన ఇంకా నిలవడే ఉన్నడు, నా మాట ఎక్కనట్టు చూస్తున్నడు.

"బత్తీలు ఆరింది నిజమే చాచా. ఆర్పింది నేనే. అది మౌత్ కాదు."

ఆయన కుర్చీ పట్టుకోని మెల్లగ కూసున్నడు.

"ఆరింది బల్బులేనా?" అన్నడు. "నేను కాదా?"

కాదన్న. ఏడుపాగలే నాకు. ఆయన ముఖం మొదలు తేటవడ్డది, మెడ మీద నుంచి మూట దించినట్టు. ఎంబడే ఆ ముఖం మారింది.

"ఆరు నెలలు నా ఇంట్ల కూసోని ఇన్నవు బేటీ," అన్నడు.

మేడమ్ తను రాసుకున్నది కొట్టేసింది. ఎందుకార్పుతరు అని నన్నడిగింది. సిలిండరు సంగతి, స్టేషన్ ముంగట మూడొద్దుల సంగతి చెప్పిన. రాత్రి మమ్ముల ఉండనిస్తరా ఇయ్యరా ఒక్క కాయితం మీద తేల్చి రాసియ్యిండ్రి, ఉండొచ్చంటే టైము చెప్పుండ్రి, లైటు ఇయ్యిండ్రి, బాత్రూం ఇయ్యిండ్రి, కాలనీ ముంగట లొల్లి చేసేటోన్ని మేమే గుంజి పోలీసులకు అప్పజెప్తం, గిట్ల దాగి బతుకుడు మాత్రం మా తోటి కాదు అన్న. అంత గట్టిగ ఎట్లన్ననో నాకే తెల్వదు. కాయితం వస్తదన్నరు. ఇంకా రాలే. తిరిగొచ్చేటప్పుడు బస్సుల చాచా ముంగటి సీట్ల కూసున్నడు.

మా లైన్ల కొందరు నాతోటి మాట్లాడుడు మానేసిండ్రు. ఆ రాత్రి చాచా బత్తి బంద్ చేసుకోని పండుకున్నడని చాచీ ఫోన్ చేసి చెప్పింది. చెప్పి పెట్టేసింది.

వారం దినాలకు చాచా బండి దొబ్బుకుంట వచ్చిండు. సక్కగ నా కాడికొచ్చి, గీ జాగ నాకియ్యి అన్నడు. ఎందుకని అడగలే. నా బండి ఐదో జాగకు దొబ్బుకపోయిన. ఆ రాత్రి ఎత్తు మీద ఎర్రది నీలంది మెరిసింది. పదిమందిమి ఆయన బత్తి దిక్కే చూస్తున్నం. ఆయన ఆర్పలే. పోలీసు బండి ఆగింది. కొత్త సారు దిగిండు, తిట్టిండు, లాఠీతోటి బండిని కొట్టిండు. చాచా చాయ్ వడగట్టుకుంటనే, ఏం తీసుకపోతరో తీసుకపోండ్రి సాబ్, బత్తి మాత్రం నేను ఆర్పను అన్నడు. ఆ రాత్రి పొయ్యి తీసుకపోయిండ్రు. తెల్లారి ఇంకో పొయ్యి తెచ్చుకున్నడు. ఆ తర్వాత రెండుసార్లు ఆగిండ్రు, ఇప్పుడు మెల్లగ చూసుకుంట పోతున్నరు. రేపేమైతదో ఎవ్వలకెరుక.

నాకు చాయ్ పోస్తడు. బేటీ అనడు. రాత్రి ఆ లైటు ఎత్తు మీద కనవడంగనే నా చెయ్యి ఇప్పటికీ స్విచ్చు మీదికి పోతది. ఆ టైముకు చాచా రోడ్డు దిక్కు చూడడు, ఎనుకకు తిరిగి నా దిక్కు చూస్తడు. నేను చెయ్యి దించుకుంట.